షెడ్ల పక్కన తోట: బెంగళూరు వలస కుటుంబాలతో కలిసి కూరగాయలు పండించడం ఎలా

వర్తూరు, సర్జాపుర రోడ్డు, వైట్‌ఫీల్డ్ వైపు పెద్ద అపార్ట్‌మెంట్ల వెనక సందుల్లోకి వెళ్తే నీలం టార్పాలిన్లు, రేకుల షెడ్లు కనిపిస్తాయి. పాలమూరు, అనంతపురం, కర్నూలు నుంచి వచ్చిన మనవాళ్ళు, రాయచూరు, యాదగిరి, కలబురగి నుంచి వచ్చినవాళ్ళు బిల్డింగు పనుల్లో ఉంటారు. పక్క వరసల్లో పశ్చిమ బెంగాల్, అస్సాం నుంచి వచ్చి ఇళ్ళలో పనికీ, చెత్త వేరుచేసే పనికీ వెళ్ళే కుటుంబాలు. కొన్నిచోట్ల మయన్మార్ నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చిన శరణార్థులూ ఉన్నారు. వీళ్ళలో చాలామంది సేద్యం చేసి బతికినవాళ్ళే. వానల్లేకో, అప్పులు తీరకో, ఊళ్ళో ఉండే వీల్లేకో నగరానికి వచ్చి ఇప్పుడు కొత్తిమీర కట్ట కూడా కొనుక్కుని తింటున్నారు.

కాబట్టి ఇది వాళ్ళకు తోటపని నేర్పే పాఠం కాదు. వాళ్ళతో కలిసి తోట పెట్టాలనుకునే బెంగళూరు తెలుగువాళ్ళ కోసం రాస్తున్నది. అపార్ట్‌మెంటు సంఘంలో ఉన్నవాళ్ళకీ, బడి పంతుళ్ళకీ, ఆదివారం నాలుగు గంటలు ఖాళీ ఉన్నవాళ్ళకీ. మీవల్ల కావాల్సినవి మూడే: జాగా ఇప్పించడం, నీళ్ళు తెప్పించడం, అడ్డొచ్చినవాళ్ళతో మాట్లాడటం. మిగతాది వాళ్ళకు మీకంటే బాగా తెలుసు. ఇంకో సంగతి మొదట్లోనే ఒప్పుకోవాలి. ఈ తోట ఏదో ఒకరోజు అక్కణ్ణించి లేవాల్సిందే. జాగా వాళ్ళది కాదు, మీదీ కాదు. ఎత్తుకుపోగలిగేలా సంచుల్లో వేయాలి, తొందరగా చేతికొచ్చేవి వేయాలి. కింద చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

1. ముందు వెళ్ళి కూర్చోండి

పారా గంపా పట్టుకుని వెళ్ళకండి. పనివాళ్ళు పొద్దున ఎనిమిదికల్లా వెళ్ళి చీకటిపడ్డాక వస్తారు. ఆదివారం మధ్యాహ్నం తర్వాత కాస్త తీరిక ఉంటుంది, అప్పుడు వెళ్ళండి. మేస్త్రీకి ఒక మాట చెప్పండి కానీ, మాట్లాడాల్సింది ఆడవాళ్ళతో. వండేది వాళ్ళే, రేపు నీళ్ళు పోసేదీ చాలావరకు వాళ్ళే.

అడగాల్సినవి తక్కువ. రోజూ ఏ కూర కొంటున్నారు? ఊళ్ళో తినేది, ఇక్కడ దొరకనిది ఏది? పగటిపూట షెడ్డు దగ్గర ఎవరుంటారు? సంక్రాంతికీ, ఉగాదికీ, వానలకీ ఎవరెవరు ఊరెళ్తారు, ఎన్నాళ్ళుంటారు? చివరి ప్రశ్నకు వచ్చే జవాబును బట్టే మీ పంటల పట్టిక ఉంటుంది. తొలకరికి ఊరెళ్ళి విత్తనాలేసి తిరిగొచ్చే కుటుంబాలుంటే జూన్, జూలైలో తోట చూసేవాళ్ళుండరు.

"అక్కా, మాకు పొద్దున వండుకోనే టైముండదు, ఇంక మొక్కలెక్కడ" అని ఒకరైనా అంటారు. ఆమె మాట నిజం. ఆమెను బలవంతం చేయొద్దు. ముసలివాళ్ళో, బడినుంచి వచ్చిన పిల్లలో చూసుకోగలిగిన ఇళ్ళతో మొదలుపెట్టండి. పది కుటుంబాలు చాలు. ముప్పై ఇళ్ళతో మొదలయ్యే తోటలు ఫొటోల్లోనే బాగుంటాయి.

కాగితాల ప్రస్తావన తేవద్దు. 1951 నాటి ఐక్యరాజ్యసమితి శరణార్థుల ఒప్పందంపై భారతదేశం సంతకం చేయలేదు, మనకు శరణార్థులకంటూ ప్రత్యేక చట్టమూ లేదు. అందుకే మయన్మార్ నుంచి వచ్చినవాళ్ళకే కాదు, బెంగాలీ మాట్లాడే మన దేశస్థులకు కూడా చేతిలో నోటు పుస్తకంతో వచ్చే మనిషిని చూస్తే గుండె జారుతుంది. ఆధార్ నంబర్లు రాసుకోవద్దు, ముఖాలు కనిపించే ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు. ఏ సంచులు ఏ ఇంటివో గుర్తుకు రంగు గుడ్డముక్క కట్టుకుంటే సరిపోతుంది.

జర్మనీలోని గోటింగెన్‌లో శరణార్థుల తోటలు మొదలైంది ఇలాంటి మాటల్లోంచే. 1990ల మధ్యలో బోస్నియా యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన ఆడవాళ్ళను ఇక్కడ మీకేం కొరతగా ఉందని అడిగితే, మా తోటలు అన్నారు. ఆ ఊళ్ళో వేసిన అంతర్జాతీయ తోటల్ని చూసి జర్మనీ అంతటా అలాంటివి వెలిశాయి.

2. జాగా, దానికో కాగితం

షెడ్ల స్థలం చాలాచోట్ల ఒకప్పటి రైతు కుటుంబానిదే. పొలం పోయి ప్లాటు అయింది, బిల్డింగు లేచేదాకా షెడ్లకు అద్దెకిచ్చారు. ఇలాంటి యజమానికి కూరగాయలంటే చిన్నచూపు ఉండదు, భయం మాత్రం ఉంటుంది: మొక్కలేసినవాళ్ళు రేపు జాగా మాదే అంటారేమోనని. ఆ భయం తీర్చే కాగితం మీరే రాసి పట్టుకెళ్ళండి. కన్నడలో ఒకటి, తెలుగులో ఒకటి. ఇలా ఉంటే చాలు:

"ఈ జాగా ఫలానావారిది. తోట వేసుకున్నవాళ్ళకు దీనిమీద ఏ హక్కూ లేదు. భూమిలో చెట్లు నాటరు, గోడ కట్టరు. ఖాళీ చేయమనేటప్పుడు యజమాని ముప్పై రోజుల ముందు చెబుతారు. సంచులు, మొక్కలు, డ్రమ్ములు, పందిరి బొంగులు తోటవాళ్ళవి, వాళ్ళు తీసుకెళ్తారు."

చివరి వాక్యాన్ని వదలకండి. 2020 జనవరిలో కరియమ్మన అగ్రహారంలో వలస కార్మికుల గుడిసెల్ని బంగ్లాదేశీయులవన్న అనుమానంతో కూల్చేశారు. అక్కడున్నవాళ్ళలో ఉత్తర కర్ణాటకవాళ్ళు కూడా ఉన్నారు. ఆ చర్యను హైకోర్టు తర్వాత తప్పుపట్టింది గానీ, అప్పటికి సామాన్లు మట్టిపాలయ్యాయి. కాగితం బుల్డోజరును ఆపదు. మామూలు రోజుల్లో మాత్రం మేస్త్రీ మారినా, యజమాని కొడుకు పెత్తనానికి వచ్చినా మాట నిలబెడుతుంది.

షెడ్ల దగ్గర కుదరకపోతే ప్రభుత్వ బడి చూడండి. బడుల్లో పోషకాహార తోటల గురించి కేంద్రం 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది, కాబట్టి హెడ్‌మాస్టరుకు అది కొత్త మాటేమీ కాదు. అంగన్‌వాడీ, చర్చి ఆవరణ, అపార్ట్‌మెంటు వెనక వాడకంలో లేని అంచు, ఇవీ పనికొస్తాయి. రాజకాలువ గట్టు, చెరువు శిఖం, హైటెన్షన్ తీగల కింద మాత్రం వద్దు. పార్కుల జోలికి నేనైతే పోను. అక్కడ వలసవాళ్ళు కూర్చుంటేనే కాలనీవాళ్ళు ఫిర్యాదు చేస్తారు, ఇక మళ్ళు వేస్తే చెప్పాలా?

3. నేలను నమ్మకండి

బెంగళూరు ఎర్రమట్టి మంచిదే. షెడ్ల చుట్టూ ఉండే నేల మాత్రం ఎర్రమట్టి కాదు. సిమెంటు పెళ్ళలు, సున్నం, టైల్సు ముక్కలు కలిసిన శిథిలాల కుప్ప. పిడికెడు మన్ను తీసి నిమ్మరసం పిండండి. బుసబుస పొంగితే సున్నం ఎక్కువున్నట్టు. అందులో మొక్క ఆకులు పసుపెక్కి గిడసబారిపోతుంది.

దానికంటే ప్రమాదం సీసం. చెత్త వేరుచేసే షెడ్ల దగ్గర రాగి కోసం వైర్లు కాల్చిన చోటు, పాత బ్యాటరీలు పగలగొట్టిన చోటు, పాత పెయింటు గీకి పారేసిన చోటు ఉంటాయి. ఎక్కడెక్కడ కాల్చారో అక్కడివాళ్ళకు తెలుసు, తప్పు పట్టే గొంతుతో కాకుండా అడిగితే చెబుతారు. అలాంటి మట్టిలో ఆకుకూరలు అసలు వేయకూడదు. సీసం ఆకుల్లోకీ వేళ్ళలోకీ కాయల్లోకంటే ఎక్కువ చేరుతుంది, ఆకుకు అంటిన దుమ్ముతో ఇంకా ఎక్కువ. చిన్నపిల్లల మెదడు ఎదుగుదలకు అది చేటు. ఆ చోటికి దూరంగా, నేలమీద పాత ఫ్లెక్సీ పరిచి, బయటి మట్టి నింపిన సంచుల్లో వేయడమే మేలు. జాగా ఖాళీ చేయాల్సి వచ్చినా సంచులే ఆదుకుంటాయి.

4. సంచులు, మట్టి

కొత్త గ్రో బ్యాగులు కొనే అవసరం లేదు. 25 కిలోల బియ్యం సంచులు హోటళ్ళలో, మెస్సుల్లో అడిగితే ఇస్తారు. సంచి పైభాగాన్ని బయటికి మడుస్తూ ఒక అడుగు ఎత్తుకు తెండి. ఇందులో ఇంచుమించు 18 లీటర్ల మట్టి పడుతుంది, తడిపినా ఇద్దరు ఎత్తగలరు. లోపల ప్లాస్టిక్ పొర ఉన్న సంచులైతే సంచి అడుగు భాగానికి ఒక అంగుళం పైన పక్కల్లో కాల్చిన మేకుతో ఐదారు చిల్లులు పెట్టండి. సైట్లో సిమెంటు సంచులు ఊరికే దొరుకుతాయి. వాటిని తిరగేసి, బాగా దులిపి, రెండు మూడు నీళ్ళలో కడిగాకే వాడాలి. ఏ సంచైనా బెంగళూరు ఎండకు ఒక సీజను దాటాక పొడిబారి చిరుగుతుంది. ముందే నాలుగు ఎక్కువ పోగేసుకోండి. పెయింటు బకెట్లు కూరగాయలకు వద్దు, నీళ్ళు మోసుకోవడానికి ఉంచుకోండి.

మట్టి కలపడం: ఎర్రమట్టి రెండు తట్టలు, మాగిన కంపోస్టు ఒక తట్ట, ఆకుల ఎరువు గానీ కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) గానీ ఒక తట్ట, సంచికి గుప్పెడు వేపపిండి. ఉత్త ఎర్రమట్టి ఆరితే ఇటుకలా బిగుస్తుంది, అందుకే ఈ కలపడం. ఐదు కిలోల కోకోపీట్ దిమ్మ నానితే డెబ్బై లీటర్ల దాకా ఉబ్బుతుంది. ఒకసారి కడిగి ఉప్పు నీళ్ళు పారబోయాలి.

కంపోస్టు కొనేముందు పక్క అపార్ట్‌మెంటును అడగండి. పెద్ద అపార్ట్‌మెంట్లు తడి చెత్తను తమ దగ్గరే ఎరువు చేసుకోవాలన్నది నియమం. చేసినదాన్ని ఏం చేసుకోవాలో తెలియక మూటలు పేర్చుకుంటున్నవి చాలా ఉన్నాయి. అయితే అక్కడి కంపోస్టు సగం మాగినదే ఎక్కువ. చేత్తో పట్టుకుంటే వేడి తగలకూడదు, తొక్కలు కనబడకూడదు, మట్టి వాసన రావాలి. అనుమానం ఉంటే ఒక కొబ్బరి చిప్పలో నింపి గుప్పెడు మెంతులు చల్లండి. నాలుగైదు రోజుల్లో శుభ్రంగా మొలిస్తే వాడుకోవచ్చు. మొలక మాడితే ఇంకో నెల మాగనివ్వండి.

ఆకుల ఎరువు ఇంకా తేలిక. ఈ నగరంలో కానుగ, నిద్రగన్నేరు, గుల్‌మొహర్ రాల్చే ఆకుల్ని రోజూ ఊడ్చి మూటగట్టి పారేస్తారు, కొన్నిచోట్ల కాల్చేస్తారు కూడా. నాలుగడుగుల ఎత్తు తీగ జాలిని గుండ్రంగా చుట్టి నిలబెట్టి, ఆకులు తొక్కి నింపి, పొరపొరకూ పేడనీళ్ళు గానీ పుల్ల మజ్జిగ గానీ చల్లుతూ తడి ఆరకుండా చూస్తే నాలుగైదు నెలల్లో నల్లటి ఎరువు దిగుతుంది. తోట కంటే ముందే మొదలుపెట్టాల్సిన పని ఇది.

5. నీళ్ళు

చాలా తోటలు ఇక్కడే ఎండిపోతాయి. పది ఇళ్ళు, ఇంటికి ఆరు సంచులు అనుకుంటే అరవై సంచులు. ఏప్రిల్ ఎండలో సంచికి రోజూ లీటరు, లీటరున్నర తాగుతుంది. అంటే 200 లీటర్ల డ్రమ్ము రెండు రోజులకు. తాగే నీళ్ళకే ట్యాంకరు కోసం కొట్టుకునే చోట ఈ డ్రమ్ము ఎక్కణ్ణించి వస్తుందో తేలకుండా ఒక్క విత్తనం కూడా వేయొద్దు.

కావేరి నీళ్ళు లెక్కలోంచి తీసేయండి. 2024 మార్చి నీటి ఎద్దడిలో తాగునీటిని తోటలకు, కార్లు కడగడానికి వాడకూడదని జలమండలి ఆదేశించింది, తప్పితే 5,000 రూపాయల జరిమానా. ఆ భయం మీకంటే షెడ్డువాళ్ళకు ఎక్కువ.

మిగిలేవి మూడు దారులు. మొదటిది వాన. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న రేకు కప్పు మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే తొంభై లీటర్ల నీళ్ళు. రేకు చివర సగానికి కోసిన పీవీసీ పైపు కట్టి డ్రమ్ములోకి దింపితే చాలు. బెంగళూరులో ఏడాదికి సుమారు 970 మిల్లీమీటర్లు కురుస్తుంది. మేలో ఒక విడత, సెప్టెంబరు, అక్టోబరులో పెద్ద విడత. వేసవి మొదటి సగం మాత్రం ఈ లెక్కకు అందదు.

రెండోది బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్ళు. ఇంటికి రోజూ నాలుగైదు లీటర్లు వస్తాయి, ఆరు సంచుల్లో సగానికి పైగా దీంతోనే తడపొచ్చు. సబ్బు నీళ్ళు వద్దు. అపార్ట్‌మెంటులో ఆర్‌ఓ మిషన్లు పారబోసే నీళ్ళు వాడొచ్చు, కాకపోతే అందులో ఉప్పు ఎక్కువ కాబట్టి మార్చి మార్చి వాన నీళ్ళు కూడా పోస్తుండాలి.

మూడోది అపార్ట్‌మెంటు మురుగునీటి శుద్ధి ప్లాంటు నీళ్ళు. చాలా అపార్ట్‌మెంట్లలో ఇవి మిగిలిపోయి కాలువలోకి పోతున్నాయి, ఒక పైపు ఇప్పించడం మీ సంఘం చేతిలో పని. ప్లాంటు సరిగ్గా నడుస్తోందా, క్లోరిన్ వేస్తున్నారా అని అడిగి, పందిరి కాయలకూ వంకాయకూ మొక్క మొదలు దగ్గర మాత్రమే పోయండి. ఆకుల మీద పడకూడదు. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనాలకు అసలు వద్దు. బెళ్ళందూరు, వర్తూరు చెరువుల నీళ్ళు ఏ పంటకూ వద్దు. బెళ్ళందూరు చెరువులో నురగ లేవడమే కాదు, 2017లో, 2018లో మంటలు కూడా లేచాయి.

డ్రమ్ముల మూతికి పాత చీర గుడ్డ బిగించి కట్టండి, వారానికోసారి ఖాళీ చేసి లోపలి గోడలు రుద్దండి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి నీళ్ళ అంచునే. షెడ్డులో ఒక్కరికి డెంగీ వచ్చినా తోట మీద పడి ఏడుస్తారు, ఏడవడంలో న్యాయం కూడా ఉంది.

6. ఏం వేయాలి

మొదటి నెలలోనే కూర గిన్నెలోకి రావాలి. లేకపోతే ఆసక్తి పోతుంది. మెంతికూర మూడు వారాల్లో, తోటకూర నాలుగు వారాల్లో చేతికొస్తాయి. పాలకూర, ముల్లంగి, గోంగూర ఒకటిన్నర నెల. బెండ ఏడు వారాలకు కాపుకొస్తుంది, గోరుచిక్కుడు, బీర రెండు నెలలకు. టమాటా నాటాక రెండు నెలలు దాటాలి. ఇంటి ఆరు సంచుల్లో మూడు ఆకుకూరలకు, రెండు మిర్చి, వంకాయలకు, ఒకటి వాళ్ళ ఇష్టానికి వదిలేయండి. ఆ ఆరో సంచిలో వాళ్ళేం వేస్తారో చూడటం నాకు భలే ఇష్టం. బంతిపూలు వేసేవాళ్ళు కూడా ఉంటారు, వేసుకోనివ్వండి.

అందరూ ఒప్పుకునే మొక్క గోంగూర. మనకు పప్పులోకి, పచ్చట్లోకి. రాయచూరు వైపు పుండి పల్య అని జొన్నరొట్టెలోకి. అస్సాంవాళ్ళు చేపల పులుసులో వేస్తారు, మయన్మార్‌వాళ్ళు రొయ్యలు, ఎండుమిర్చి వేసి వేపుతారు. దీని గురించి ఒక కిటుకు: పగటిపూట పొద్దు తగ్గేకొద్దీ ఈ మొక్క ఆకు మానేసి పూతకు దిగుతుంది. సెప్టెంబరు, అక్టోబరులో విత్తితే జానెడు ఎదగకుండానే మొగ్గేస్తుంది. ఉగాది నుంచి జూలై దాకా విత్తుకోవాలి. చివర్లు తుంచుతూ పోతే కొమ్మలేస్తుంది. బచ్చలి కూడా ఇలాగే అన్ని వంటిళ్ళకూ కుదురుతుంది, బెంగాలీ ఇళ్ళలో దాన్ని పూయి శాక్ అని గుమ్మడికాయతో వండుతారు. కాడ ముక్క గుచ్చితే బతుకుతుంది.

పందిరి ఒకటి ఉమ్మడిగా వేయండి. సైట్లో పక్కన పడేసిన వెదురు బొంగులు చాలు. దానికింద పెద్ద సంచుల్లో బీర, సొర, అనప (చిక్కుడు జాతిది). అనప జూన్, జూలైలో పెడితే చలికాలంలో కాస్తుంది. అనంతపురంవాళ్ళకు పితికిపప్పు, కన్నడవాళ్ళకు హితకిద బేళె, డిసెంబరు చలిలో రెండు వరసల షెడ్లలోనూ ఒకే వాసన. మునగ, కరివేపాకు లాంటివి డ్రమ్ములో తప్ప నేలలో పెట్టొద్దు, యజమానికి మాటిచ్చారు కదా.

విత్తనాలకు హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ దగ్గర. పలుమార్లు కోసుకునే తోటకూర అర్క సుగుణ, పల్లాకు తెగులును తట్టుకునేలా తయారుచేసిన బెండ అర్క అనామిక అక్కడివే. అర్క రక్షక్ టమాటా తెగుళ్ళకు గట్టిదే కానీ హైబ్రిడ్, దాని విత్తనం దాచుకుంటే తల్లి గుణం రాదు. గాంధీ కృషి విజ్ఞాన కేంద్రంలో నవంబరు కృషి మేళాకు పిల్లల్ని తీసుకెళ్ళండి. అన్నిటికంటే మంచి విత్తనం మాత్రం ఊరెళ్ళొచ్చిన అవ్వ కొంగు ముడిలో ఉంటుంది.

7. ఎవరి సంచి వారిదే

ఉమ్మడిగా పండించి సమంగా పంచుకుందామని చదువుకున్నవాళ్ళం తేలిగ్గా అంటాం. పన్నెండు గంటలు ఇసుక మోసి వచ్చిన మనిషి పక్కింటివాడి వంతు నీళ్ళు ఎందుకు పోయాలి? ఏ ఇంటి సంచులు ఆ ఇంటివే. పందిరి, ఎరువు జాలి, డ్రమ్ములు మాత్రం ఉమ్మడి. పందిరి కాయలు ఆదివారం సాయంత్రం అందరి ఎదుటా కోసి పంచాలి. కాయ పోయిందని గొడవొస్తే మీరు తీర్పు చెప్పొద్దు, వాళ్ళలో పెద్దామెకు వదిలేయండి. మీ అపార్ట్‌మెంటువాళ్ళు తాజా కూరలు కొంటామని ముచ్చటపడతారు. మిగిలితే అమ్ముతారు, కానీ అమ్మడం కోసమని వేయించడం మొదలుపెడితే పిల్లల కంచంలోకి ఏమీ మిగలదు.

8. పురుగు, మేక, ఎలుక

పేనుబంకకు పొద్దున మంచు తడి మీద పొయ్యి బూడిద చల్లితే చాలావరకు పోతుంది. తెల్లదోమ, పిండినల్లికి లీటరు నీళ్ళలో ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం ఆకుల అడుగున పడేలా కొట్టాలి. ఊళ్ళో పత్తికి వాడిన మందు డబ్బా ఎవరైనా తెస్తే ఇంట్లో పిల్లలున్నారని గట్టిగా చెప్పి వాపసు చేయించండి. మేకలకు పాత దోమతెర కంచె. ఎలుకలకు తెరిచి ఉంచిన కంపోస్టే ఆహ్వానం, మూత వేయండి.

9. ఊరెళ్ళేటప్పుడు, షెడ్డు లేచేటప్పుడు

పండక్కి ఊరెళ్ళే ఇల్లు తన సంచుల్ని ఉండే ఇంటికి అప్పగించి వెళ్తుంది, ఆ రోజుల్లో కాసింది నీళ్ళు పోసినవాళ్ళది. ఈ ఒక్క నియమం ముందే అనుకుంటే సగం తగాదాలుండవు. అందరూ వెళ్ళే రోజులైతే సంచులన్నీ పందిరి నీడకు జరిపి, పైన ఆకుల ఎరువు రెండంగుళాలు కప్పి, అపార్ట్‌మెంటు తోటమాలితో రోజు విడిచి రోజు పోయించండి. దానికి అతనికి డబ్బు ఇవ్వాలి, సేవ అనకండి.

ప్రతి పంటలో ఒక్కో రకానికి రెండు మంచి మొక్కల్ని కోయకుండా విత్తనానికి వదలమని చెప్పండి. గోంగూర, బెండ కాయలు మొక్క మీదే ఎండాలి. దోస గింజల్ని గుజ్జుతో రెండు రోజులు పులియబెట్టి కడిగి నీడన ఆరబెట్టాలి. ఎండిన గింజల్లో జల్లించిన బూడిద కలిపి చిన్న సీసాల్లో ఇంటింటికీ ఇవ్వండి, ఒక సెట్టు మీ దగ్గర ఉంచుకోండి.

ఖాళీ చేయమన్న కబురు వచ్చిన రోజునే విత్తడం ఆపాలి. ఆకుకూరలు రెండు కోతల్లో పూర్తిగా కోసుకోవాలి. వంగ, మిర్చి కొమ్మల్ని సగానికి కత్తిరించి, బయల్దేరే ముందు రోజు నీళ్ళు మానేస్తే సంచి బరువు తగ్గుతుంది. కొత్త సైటుకు సామాన్లు తీసుకెళ్ళే టెంపోలోనే ఇవీ ఎక్కాలి, మేస్త్రీతో ఆ మాట ముందే మాట్లాడుకోండి. ఇంటికి మూడు సంచులకు మించి పట్టవు, ఏవి తీసుకెళ్ళాలో వాళ్ళే తేల్చుకుంటారు. మిగిలిన మట్టిని ఫ్లెక్సీ మీద కుప్పపోసి కప్పి ఉంచితే తర్వాతి బ్యాచికి పనికొస్తుంది. యజమాని అడిగితే జాగా ఊడ్చి చూపించండి, ఇంకో జాగాకు ఆయన మాటే మీకు సిఫారసు.